విద్యార్థుల పాట – ప్రేక్షకుల మాట

పెండ్లి భోజనము చేసి లేచిన అతిథిని "వంట ఎట్లా ఉన్నదండీ?" అని అడిగినచో, "బహు బాగున్నది" అనుట మన మర్యాద. పులుసులో ఉప్పు ఎక్కువైనదని ఆ పందిటిలో ఎవరును చెప్పరు. చెప్పినవానిని పెద్దమనిషి అనరు. భోజనముల వరకు ఈ మర్యాద మంచిదే. కాని ఒక పాట కట్టి, దానికి చిత్రము కూర్చి, నలుగురికి చూపి, అందలి లోపములను తెలిసికొనగోరు విద్యార్థులకు ఇదియే పెద్ద చిక్కు.

నేటి కళాశాలలలో పాట వీడియో తీయుట సరదాగానే గాక ఒక విద్యగా కూడ పెరుగుచున్నది. వెనుక ఇట్టి పనికి స్టూడియో, కెమేరా, కూర్పరి, చాల ధనము కావలసియుండెను. ఇప్పుడు చేతిలోని ఫోనుతో చిత్రము తీయుదురు. ఆ ఫోనులోనే కత్తిరించి కూర్తురు. ఆ ఫోను నుండియే లోకమునకు విడుదల చేయుదురు. తీయుట సులభమైనది. తీసినది ఎట్లున్నదో నిజముగా తెలిసికొనుట మాత్రము సులభము కాలేదు.

వేటపాలెమునే తీసికొందము. ఒకప్పుడు గుంటూరు జిల్లాలోను, 1970 నుండి ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరిన ఈ ఊరు జీడిపప్పునకు, చేనేతకు, 1918లో వెలసిన సారస్వత నికేతన గ్రంథాలయమునకు పేరుపడినది. చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలును ఉన్నవి. అట్టి కళాశాలలో చదువు ఐదుగురు విద్యార్థులు మగ్గము మీద పాట కట్టి, నాలుగు నిమిషముల వీడియో తీసినారనుకొందము. ఇది ఊహయే గాని ఏ ఒక్కరిని ఉద్దేశించినది కాదు. ఒకడు పాట వ్రాసెను. ఒక అమ్మాయి పాడెను. ఒకడు కంప్యూటరు మీద వాద్యములు కూర్చెను. తక్కిన ఇద్దరు ఒక నేత ఇంటికి పోయి, మగ్గపు గుంటలో కూర్చున్న పెద్దావిడను, ఆమె ఇంటిని, వీధిలో సాగదీసిన పడుగును చిత్రించిరి. వీడియో సిద్ధము కాగానే బంధువుల వాట్సాపు బృందములకు పంపిరి. అరగంటలో చప్పట్ల బొమ్మలు, 'సూపర్'లు, ఒక మేనమామగారి దీవెనలు వచ్చిపడినవి. ఐదుగురును సంతోషించిరి.

వారికి తెలిసినదేమి? పాటలోని మాటలు వినబడినవా? రెండవ చరణమున చూపరికి విసుగు పుట్టినదా? అసలు వారందరును చివర వరకు చూచిరా? ఇందులో ఒక్కటియు తెలియలేదు. ఆ చప్పట్లు పాటకు కావు, చుట్టరికమునకు.

మన ప్రాంతమున ప్రేక్షకులు పూర్వము ఇట్లు మొగమాటపడినవారు కారు. పద్యనాటకముల కాలమున పద్యము నచ్చినచో 'వన్స్ మోర్' అని కేక వేసెడివారు. నచ్చనిచో ఈలలు వేసెడివారు. వేటపాలెమునకు దాపుననే ఉన్న బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు స్త్రీపాత్రలలో, ముఖ్యముగా సత్యభామ వేషములో, ఆంధ్రదేశమునెల్ల అలరించి 1956లో పద్మశ్రీ బిరుదమందిరి. ఆ తరము నటులు ప్రేక్షకుల తీర్పును ఆ రాత్రియే, ఆ క్షణముననే, ముఖాముఖిగా అందుకొనిరి.

అయితే 'వన్స్ మోర్' కేక చెప్పునది కూడ కొంచెమే. ఆ పద్యము చెవికి ఇంపుగానున్నదని అది చెప్పును. కథ నడచుచున్నదా, ఆగిపోయినదా అనునది చెప్పదు. సరికదా, ఆ కేక వలననే కథ ఆగిపోయిన రాత్రులు కలవు. పైగా కేక వేయువాడు ఒకడు. చాప మీద కునుకు తీయువారు పదిమంది. కునుకునకు చప్పుడు లేదు గనుక అది లెక్కలోనికి రాదు.

ఈ విషయమున బుర్రకథవారి యుక్తి మాకు ఎక్కువ నచ్చును. కథకుని కిరుప్రక్కల ఇద్దరు వంతలుందురు. వారిలో హాస్యపు వంత, సభలోని సామాన్యుడు అడుగవలసిన ప్రశ్నను తానే అడుగును. కథకుడు మరీ ఆకాశమునకు ఎగిరినచో నేలకు దింపును. గుంటూరు జిల్లా పొన్నెకల్లునందు 1920లో పుట్టి, ఆ కళకు ప్రాణము పోసి, 1986లో పద్మశ్రీ అందుకొన్న షేక్ నాజరుగారి కథ విన్నవారికి వంత విలువ వేరుగ చెప్పనక్కరలేదు. వీడియోకు వంత లేడు. ఆ వంతను తీసినవారే వెదకి తెచ్చుకొనవలెను.

రేడియోవారికి ఈ కష్టము చిరపరిచితము. పాడువాడు ఒక చోట, వినువారు వేయి చోట్ల. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైన నాటినుండి శ్రోతల స్పందనకు ఉత్తరములే పెద్ద ఆధారము. ఉత్తరము విలువైనదే, కాని అది వ్రాసినవాని మాట మాత్రమే. 1957లో వివిధభారతి మొదలైన తరువాత, కోరిన పాటల కార్యక్రమములలో ఝుమ్రీ తిలైయా అను పేరు దేశమంతట మారుమ్రోగెను. నేడు ఝార్ఖండులోనున్న ఆ అభ్రకపు గనుల ఊరు పెద్ద నగరమేమియు కాదు. అచ్చటివారికి కార్డు వ్రాయు అలవాటు మెండు, అంతియే. కార్డుల కట్టలను బట్టి దేశపు అభిరుచిని కొలిచినచో, ఆ ఒక్క ఊరే సగము దేశమై తేలియుండును! ఇంగ్లండులో బి.బి.సి. వారు 1936లో రాబర్ట్ సిల్వీ అనునతనిని నియమించి శ్రోతల పరిశోధనకు పూనుకొనుటకు ఇట్టి చిక్కే కారణము. ఉత్తరము వ్రాయనివాని అభిప్రాయమును, వాని యొద్దకు పోయి, అడిగి తెలిసికొనవలెను.

అడుగుటలో కూడ ఒడుపు కలదు. న్యూయార్కున 1941 నవంబరులో జరిగిన ఒక సంగతి ఇచ్చట చెప్పదగినది. పాల్ లాజర్స్‌ఫెల్డ్ అను పరిశోధకుడు, ఫ్రాంక్ స్టాంటన్‌తో కూడి, ఒక యంత్రమును కల్పించియుండెను. శ్రోతలను గదిలో కూర్చుండబెట్టి రేడియో కార్యక్రమము వినిపింతురు. నచ్చిన చోట ఆకుపచ్చ మీట, నచ్చని చోట ఎర్రమీట నొక్కవలెను. ఏదియు తోచనిచో ఊరకుండవలెను. ఏ క్షణమున ఎవరు ఏ మీట నొక్కినది కాగితము మీద గీతగా పడును. రాబర్ట్ మెర్టన్ అను సమాజశాస్త్రజ్ఞుడు ఆ సాయంకాలము లాజర్స్‌ఫెల్డ్ ఇంటికి విందుకు రాగా, అతనిని గుమ్మములోనుండియే స్టూడియోకు వెంటబెట్టుకొని పోయినాడట. అచ్చట మెర్టన్‌ను ఆకర్షించినది యంత్రము కాదు; కార్యక్రమము ముగిసిన తరువాత శ్రోతలను ప్రశ్నించు తీరు. ప్రశ్నించువాడు తనకు తెలియకయే జవాబును శ్రోత నోట పెట్టుచుండెను. మెర్టన్ ఆ లోపములను చీటీల మీద వ్రాసి లాజర్స్‌ఫెల్డ్‌కు అందించుచు కూర్చుండెను. "అయితే నీవే అడిగి చూపుము" అనుట తటస్థించెను. నేడు వ్యాపార ప్రకటనల వారు మొదలు రాజకీయ పక్షముల వారి వరకు పదిమందిని కూర్చుండబెట్టి అభిప్రాయములు సేకరించు పద్ధతికి మూలము ఆనాటి ముచ్చటయే.

ఇప్పటి విద్యార్థికి ఆ యంత్రము ఉచితముగా దొరకినది. 2005లో వెలసిన యూట్యూబులో వీడియో పెట్టిన వారికి, చూపరులు ఏ క్షణము వరకు నిలిచిరో, ఎచ్చట జారుకొనిరో తెలుపు గీత ఒకటి కనబడును. ఒకటవ నిమిషము ఇరువదవ సెకను వద్ద గీత క్రిందికి దిగినచో, అచ్చట ఏదో జరిగినదని తెలియును. ఏమి జరిగినదో ఆ గీత చెప్పదు. రాగము మారుటయా, చిత్రము మసకయా, చూపరికి ఫోను వచ్చుటయా? అదియునుగాక, 2021 నవంబరు నుండి ఆ సంస్థవారు నచ్చలేదనువారి సంఖ్యను బహిరంగముగా చూపుట మానివేసిరి; తీసినవారికి మాత్రమే అది కనబడును. కావున పైకి కనబడు లెక్కలను చూచి ఊరివారి అభిప్రాయము ఊహించుట, నాటకశాల బయట నిలిచి చప్పట్లు వినుట వంటిది. అన్నిటికంటె ముఖ్యము, ఆ గీత విడుదలైన పిమ్మట వచ్చునది. దిద్దవలసినది అంతకు ముందే.

ఇక మన ఐదుగురు ఏమి చేయవలెనో చూతము. మొదట చూపరులను ఏరుకొనవలెను. పన్నెండు మంది చాలును, కాని ఆ పన్నెండుగురు ఒక్క మూసలోనివారు కారాదు. మగ్గము నేయువారు ముగ్గురు, పాటతో సంబంధము లేని సహాధ్యాయులు ముగ్గురు, సంగీతము తెలిసినవారు ఒకరిద్దరు, మగ్గమును ఎన్నడును చూడని పరయూరివారు ఇద్దరు, ఇంటిలో రేడియో వినుటకు అలవాటుపడిన వృద్ధులు ఒకరిద్దరు. తల్లిదండ్రులను, మేనమామలను ఈ పనినుండి మన్నించుట మేలు. ముగ్గురు నలుగురుగా చూపవలెను. పన్నెండుగురిని ఒక్కసారి కూర్చుండబెట్టినచో మొదట నోరు తెరచినవాని మాటయే తక్కినవారందరి మాటయగును.

వినిపించునపుడు మొదటిసారి చిత్రము చూపకుండ పాటను మాత్రమే వినిపింపుడని మా సలహా. ఇది రేడియోవారి పక్షపాతమని కొందరు నవ్వవచ్చును. కాని చిత్రమును తీసివేసినపుడు గాని మాట వినబడుచున్నదో లేదో తెలియదు. వ్రాసినవానికి తన పాట కంఠస్థము. వానికి ప్రతి అక్షరమును వినబడును. మొదటిసారి వినువానికి డోలు వెనుక దాగిన ద్విత్వములు, సంయుక్తాక్షరములు మ్రింగుడు పడిపోవును. పల్లవిని తిరిగి చెప్పుమని వినువారిని అడుగుడు. వారు చెప్పునది వ్రాసికొనుడు. నలుగురిలో ముగ్గురు ఒకే మాటను తప్పుగా చెప్పినచో, ఆ తప్పు వారి చెవిది కాదు. వాద్యముల శబ్దము తగ్గింపవలెను, లేదా ఆ మాటయే మార్చవలెను.

ఇంకొక సంగతి. కంప్యూటరు వద్ద కూర్చి, ఖరీదైన హెడ్‌ఫోనులు చెవికి తగిలించుకొని విన్న పాటను ఊరివారు విననే వినరు. వారు వినునది ఫోనుకున్న చిన్న స్పీకరులో. ఆ స్పీకరునకు మంద్రస్వరములను పలుకు శక్తి లేదు. కూర్చినవాడు ముచ్చటపడి పెట్టిన తబలా ఎడమ వాయింపు అందులో సగము మాయమగును; ఆ లయ మీదనే నిలిచిన పాట కాలు విరిగినట్లగును. కావున చూపరులు దేనిలో చూతురో దానిలోనే చూపవలెను. మగ్గముల వీధిలో చూపినచో, మగ్గముల చప్పుడు మధ్యనే చూపవలెను.

తరువాత చిత్రముతో కలిపి చూపవలెను. అప్పుడు తీసినవారెవ్వరును ఆ గదిలో ఉండరాదు. పాడిన అమ్మాయి ఎదుట కూర్చున్నపుడు శ్రుతి తప్పినదని చెప్పగల గుండెనిబ్బరము ఎందరికున్నది? వేరొక మిత్రుడు ప్రక్కగా కూర్చుండి, తెరను గాక చూపరుల ముఖములను చూడవలెను. నాలుగు నిమిషములనగా రెండు వందల నలువది సెకనులు. పది సెకనులకొక వరుస చొప్పున ఇరువది నాలుగు వరుసల కాగితము ముందు పెట్టుకొని, ఎవరు ఎప్పుడు నవ్వినది, ఎప్పుడు కిటికీ వైపు చూచినది, ఎప్పుడు ప్రక్కవానితో మాటలాడినది గుర్తు పెట్టుకొనవలెను. లాజర్స్‌ఫెల్డ్ యంత్రము పని కొంతవరకు ఈ కాగితము చేయును. మన దేశమున 1975 ఆగస్టు నుండి ఒక ఏడాది పాటు, ఆంధ్రప్రదేశ్‌తో కూడ ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా టెలివిజను కార్యక్రమములు ప్రసారము చేసినపుడు, కొందరు పరిశోధకులు పల్లెలలోనే బస చేసి, జనులు ఏమి చూచుచున్నారో, ఎట్లు చూచుచున్నారో గమనించిరి. కాగితపు ప్రశ్నలకు దొరకనిది ప్రక్కన కూర్చున్నవానికి దొరకును.

వీడియో ముగిసిన పిమ్మట "బాగున్నదా?" అని అడుగరాదు. దానికి జవాబు ముందే తెలియును. "ఇది దేనిని గురించిన పాట?" అని అడుగవలెను. "ఎక్కడ అర్థము కాలేదు?" "ఏ దృశ్యము గుర్తున్నది?" "దీనిని మీరు ఎవరికైనా చూపింతురా? ఎవరికి?" అని అడుగవలెను. ఈ కడపటి ప్రశ్న మాకు మిక్కిలి ప్రీతి. ఎవరికి చూపవలెనో తోచక నీళ్లు నమిలినవాడు, నోటితో ఎంత మెచ్చినను, మెచ్చనట్లే. ఇక మరునాడు మరల పోయి, ఏమియు అందింపకయే, "ఆ పాట ఎట్లా ఉన్నదండీ, కాస్త కూనిరాగము తీయండి" అని అడుగవలెను. రాత్రి గడచిన తరువాత మిగిలినదే పాట.

వచ్చిన మాటలను ఎట్లు తూచవలెనన్నది అన్నిటికంటె కష్టము. చూపరి తనకు కలిగిన అనుభవమును చెప్పినపుడు నమ్మవలెను. అతడు చెప్పు మందును మాత్రము వెంటనే మ్రింగరాదు. "ఇచ్చట నాకు విసుగు పుట్టినది" అన్నచో అది నిజము. "ఇచ్చట ఒక నాట్యము పెట్టండి" అన్నచో అది అతని ఊహ. పలువురు ఒక్క చోటనే వ్రేలు చూపినచో ఆ చోటు మార్చవలెను. కాని చేతులెత్తించి సంఖ్యను లెక్కించుట ప్రతి విషయమునకును పనికిరాదు. పదునొకండుగురు మగ్గపు దృశ్యమును మెచ్చవచ్చును. నేత నేయు ఒక్కరు మాత్రము, "గుంటలో కాళ్లు ఆడడం లేదే? కాళ్లు తొక్కకుండా పడుగు ఎలా విడుతుంది? నాడె ఎలా పోతుంది?" అని అడుగవచ్చును. అందమునకై పైభాగము మాత్రమే పట్టి, చేతులను ఆడించి తీసిన దృశ్యమన్నమాట. ఆ ఒక్క మాట పదునొకండు మెప్పులకంటె బరువైనది. చేనేతను గురించి పాడుదుమని బయలుదేరిన పాట, నేతగానికే నవ్వు పుట్టించినచో ఇక మిగిలినదేమి?

ఇంటిలో రేడియో ఉన్న పాఠకులతో ఇచ్చట రెండు మాటలు చెప్పవలసియున్నది. మీ ఇంటి బిడ్డయో, ప్రక్కయింటి కుర్రవాడో ఒక నాడు ఫోను తెచ్చి, "తాతయ్యా, ఇది చూడు" అనక మానడు. అప్పుడు మొదటి అర నిమిషము చూచి "భేష్" అని ఫోను తిరిగి ఇచ్చివేయకుడు. చివర వరకు చూడుడు. మరల ఒకసారి అడిగి చూడుడు. రెండవసారి అడుగుటయే వానికి మొదటి బహుమానము. తరువాత మీకు వినబడని మాట ఏదో చెప్పుడు, మనసు నిలిచిన చోటు ఏదో చెప్పుడు, మనసు తప్పిన చోటు ఏదో చెప్పుడు. "మా కాలంలో పాటలు ఇలా ఉండేవా" అను మాట వలన ఎవరికిని ఒక్క అక్షరమైనను దిద్దుకొనుటకు వీలుండదు. అట్లే గొంతు బాగులేదని పదునెనిమిదేండ్ల పిల్లతో ఒక్క మాటలో తేల్చివేయుట మెచ్చదగినది కాదు. ఏ చరణమున, ఏ స్వరము వద్ద తడబడినదో చెప్పినచో ఆమె రేపు సాధన చేయగలదు. గొంతే బాగులేదన్నచో ఆమె ఇక పాడదు.

అన్నిటికంటె ముందు చూపవలసినవారిని కడపటికి ఉంచితిమి. మగ్గపు గుంటలో కూర్చున్న ఆ పెద్దావిడ. ఆమె ముఖము, ఆమె వంటయిల్లు, కారుచున్న ఆమె ఇంటి కప్పు వీడియోలో ఉన్నవి. చిత్రించునపుడు "తీసుకోండి నాయనా" అని ఆమె అనియుండును. అది చిత్రము తీయుటకు ఇచ్చిన అనుమతి. విషాదరాగము వెనుక వినిపించుచు, ఆమె కన్నులను తెరనిండ చూపి, నేతగాని దైన్యము అని పేరు పెట్టుటకు ఇచ్చిన అనుమతి కాదు. ఆ ఇంట పెండ్లికెదిగిన మనుమరాలుండవచ్చును, సంబంధము మాటలలో ఉండవచ్చును. వరునివారి ఊరిలో ఎవరి ఫోనులోనో ఆ కప్పు కనబడవచ్చును. ఒకసారి విడుదలైన వీడియోను తీసివేసినను, అప్పటికే పదిమంది దాచుకొని, పదిమందికి పంపియుందురు. దానిని మరల కూడదీయుట ఎవరి తరము కాదు. క్రింద వ్రాయబడు వ్యాఖ్యలలో ఎట్టివారు ఎట్టి మాటలనెదరో చెప్పలేము. పాడిన అమ్మాయి విషయమునను ఇదియే భయము.

కావున తుదికూర్పు కాకముందే ఆమె ఇంటికి పోయి, ఆమెకును, ఆమె కుమారునకును, కోడలికిని చూపవలెను. మెప్పు కొరకు కాదు. "ఇందులో మీకు ఉండకూడదనిపించింది ఏమన్నా ఉందా, అమ్మా?" అని అడుగవలెను. అడిగి, ఆమె మొగమాటము తీరువరకు కూర్చుండవలెను. వెంటనే "ఏం లేదు నాయనా" అను మాట వచ్చును, అది జవాబు కాదు. సాయంకాలము మరల పోవలెను. కోడలు చెప్పవచ్చును: "ఆ వాన నీళ్ల గిన్నె ఉన్న చోటు తీసెయ్యండి. అత్తయ్య నేసిన చీర అంచు కాసేపు చూపించండి." ఆ గిన్నె దృశ్యము వీడియోకంతటికిని గొప్ప దృశ్యమని తీసినవాడు భావించియుండవచ్చును. అయినను తీసివేయవలసినదే. ఈ ఒక్క తీర్పు మీద అప్పీలు లేదు.

దిద్దిన వీడియోను మొదటి పన్నెండుగురికే మరల చూపుట వలన ప్రయోజనము తక్కువ. వారికి పాట అప్పటికే తెలియును. వినబడని మాట కూడ వినబడినట్లే తోచును. క్రొత్తవారిని నలుగురిని చూచుకొని, పల్లవి మరల ఒకసారి చెప్పించవలెను. అమ్మాయి పాడిన మాట అమ్మాయి పాడినట్లే వారి నోట పలికినచో, ఇక విడుదల చేయవచ్చును.